తాళపుచెవి ఎవరి చేతికి?

ఏ వ్యవహారమునకైనను దస్తరము ప్రాణము. భూమి హక్కులకు అడంగలు, పహాణీలు ఎట్టివో, పంచాయతీకి తీర్మానముల పుస్తకము ఎట్టిదో, కంప్యూటరుపై నడచు ప్రతి సేవకును అందలి ప్రోగ్రాము అట్టిది. నేడు పింఛను, రేషను, భూమి పత్రము, బ్యాంకు ఖాతా మొదలగునవి కంప్యూటరు ప్రోగ్రాముల ఆధారముననే ప్రజలకు అందుచున్నవి. మన గ్రామములలో పుట్టి పెరిగిన యువతీయువకులు అనేకులు హైదరాబాదు, బెంగుళూరు నగరములందును, విదేశములందును ఈ ప్రోగ్రాములను వ్రాయు వృత్తిలో నున్నారు. అవి ఎచ్చట దాచబడుచున్నవి, ఆ దాపరికమునకు హాని ఎట్లు కలుగును, దానిని నివారించు మార్గమేమి అను విషయములను పాఠకులకు తెలుపుటకై ఈ వ్యాసమును ఉద్దేశించినాము.

సొంత గాదె

ప్రోగ్రాము యొక్క పాఠమును కోడు అందురు. పలువురు కలసి వ్రాయు కోడులో ఎవరు, ఏనాడు, ఏ పంక్తిని మార్చిరో లెక్క యుండవలెను. ఇందులకై ఫిన్లండు దేశమున జన్మించిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ‘గిట్’ అను సాధనమును నిర్మించెను. దానిని ఆధారముగా గొని, కోడునంతను ఒకచోట భద్రపరచి పనివారికి అందించు సాఫ్ట్‌వేర్లు వెలసినవి. 2011లో ఉక్రెయిన్ దేశమున ప్రారంభమైన ‘గిట్‌ల్యాబ్’ వానిలో నొకటి.

దీనిని రెండు విధముల వాడవచ్చును. ఆ సంస్థవారి సర్వరునందే కోడును ఉంచవచ్చును. లేదా ఆ సాఫ్ట్‌వేరును తెచ్చి సొంత సర్వరుపై నెలకొల్పుకొనవచ్చును. తమ సొత్తు తమ యధీనములో నుండునను ధైర్యముచే పెక్కు సంస్థలు రెండవ పద్ధతిని అవలంబించుచున్నవి. ధాన్యమును పరుల గిడ్డంగిలో నుంచుటకును, సొంత గాదెలో పోసికొనుటకును ఎంత భేదమో ఇచటను అంతే భేదము. సొంత గాదెలోని ధాన్యమును ఇతరులు తాకరు. కాని గాదెకు కన్నము పడినచో పూడ్చుకొనవలసిన వారమును మనమే.

గుర్తింపు వేరు, అధికారము వేరు

దస్తరపు గదికి వచ్చిన ప్రతివానిని రెండు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది, నీవెవరవు? రెండవది, ఈ పని చేయుటకు నీకు అధికారము కలదా? రైతు తహసీలు కార్యాలయమునకు వచ్చుటకు అభ్యంతరము లేదు. తన భూమి నకలును కోరవచ్చును. అంతమాత్రమున పొరుగువాని పట్టాను దిద్దుటకు అతనికి హక్కు రాదు. గుమాస్తా మొదటి ప్రశ్నతో తృప్తి చెంది రెండవదానిని మరచినచో, తలుపునకు ఎంతటి తాళమున్నను ప్రయోజనము లేదు.

కంప్యూటరు సాఫ్ట్‌వేరునందు ఈ రెండవ ప్రశ్నను ఏదో ఒక ద్వారమువద్ద అడుగకపోవుటయే అధికార పరీక్షా లోపము. 2012 మార్చి నెలలో ‘గిట్‌హబ్’ అను మరియొక ప్రసిద్ధ కోడు భాండాగారమున ఇట్టిదే సంభవించినది. అచట సభ్యుడు తన తాళపుచెవిని నమోదు చేసికొను పత్రము ఒకటి కలదు. ఆ చెవి ఎవరి ఖాతాలో చేర్చబడుచున్నదో సరిచూచు ఏర్పాటు లేకుండెను. ఒక రష్యా యువకుడు తన చెవిని ‘రైల్స్’ అను ప్రఖ్యాత ప్రోగ్రాము ఖాతాలో చేర్చి, తనకు హక్కు లేని కోడులో మార్పు చేసి, లోపమును లోకమునకు చూపెను.

2024 జనవరిలో వెల్లడియైన లోపము

సొంత సర్వరులపై గిట్‌ల్యాబ్‌ను నెలకొల్పుకొనినవారికి ఇంతకంటె గొప్ప పరీక్ష 2024లో ఎదురైనది. ఆ సంవత్సరము జనవరి 11వ తేదీన ఒక తీవ్ర లోపము ప్రకటింపబడెను. దాని సంఖ్య సి.వి.ఇ. 2023-7028. ఇట్టి లోపముల తీవ్రతను 10 మార్కులకు కొలుతురు. దీనికి పదికి పదియు లభించినవి.

పాస్‌వర్డును మరచినవాడు ఈ-మెయిలు ద్వారా ఒక లింకును పొంది, దానితో క్రొత్త పాస్‌వర్డును ఏర్పరచుకొనును. 2023లో వెలువడిన 16.1వ కూర్పునందు ఈ లింకును ఖాతాదారుని రెండవ ఈ-మెయిలు చిరునామాకును పంపు సౌకర్యమును చేర్చిరి. కాని అభ్యర్థనలో ఒకేసారి రెండు చిరునామాలు వ్రాసినను ఆ సాఫ్ట్‌వేరు అంగీకరించెడిది. అందొకటి ఖాతాదారునిది, రెండవది దుండగునిది అయినను, రెండింటికిని అదే లింకు పోయెడిది. దుండగునకు తెలియవలసినది ఖాతాదారుని ఈ-మెయిలు చిరునామా మాత్రమే.

తాళపుచెవి నకలు కోరు దరఖాస్తుపై యజమాని పేరును, దాని ప్రక్కనే తన పేరును వ్రాసి ఒకడు ఇచ్చెననుకొందము. గుమాస్తా మొదటి పేరును చూచి సరియే ననుకొని, ఇద్దరికిని చెరియొక చెవిని పంపినట్లైనది ఈ వ్యవహారము.

ఖాతా చేజిక్కినవాడు కోడును చదువుటయే కాదు, దానిలో విషమును కలుపవచ్చును. చెరువులో కలిపిన విషము ప్రతి కాలువకును పారినట్లు, ఆ కోడును నమ్ముకొనిన ప్రతి సేవకును ఆ కీడు చేరును.

సవరణయుండియు ఆలస్యము

గిట్‌ల్యాబ్ వారు లోపమును ప్రకటించిన నాడే 16.5.6, 16.6.4, 16.7.2 అను సవరించిన కూర్పులను విడుదల చేసిరి. అంతకు పూర్వపు 16.1 మొదలు 16.4 వరకుగల కూర్పులకును సవరణలను అందించిరి. అయినను సుమారు రెండు వారముల తరువాత ‘షాడోసర్వర్’ అను సంస్థ ఇంటర్నెట్‌పై పరిశీలింపగా, సవరణ లేని సర్వరులు 5,300లకు పైగా కానవచ్చినవి. 2024 మే 1వ తేదీన అమెరికా ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ, ఈ లోపమును దుండగులు వాస్తవముగా వాడుకొనుచున్నారని తన పట్టికలో చేర్చి, ప్రభుత్వ శాఖలు మూడు వారములలోగా సరిచేసికొనవలెనని గడువు విధించెను. మందు చేతనుండియు వేయనిచో చీడ ఆగునా?

చేయవలసిన పనులు

సొంత సర్వరుపై ఇట్టి సాఫ్ట్‌వేరును నడుపువారు మొదట చేయవలసినది, సవరించిన కూర్పును వెంటనే వేయుట. రెండవది, పాస్‌వర్డుతో బాటు ఫోనుకు లేదా ప్రత్యేక పరికరమునకు వచ్చు రెండవ గుర్తును తప్పనిసరి చేయుట. పై లోపమున పాస్‌వర్డు మారినను, ఈ రెండవ గుర్తు గలవారి ఖాతాలలోనికి దుండగులు ప్రవేశింపలేకపోయెడివారు. మూడవది, సర్వరు దినచర్య పుస్తకమగు లాగును పరిశీలించుట. పాస్‌వర్డు అభ్యర్థనయందు ఒకటికి మించిన చిరునామాలు కానవచ్చినచో అది దాడికి గుర్తు. అట్టియెడ కోడులో దాచిన పాస్‌వర్డులను, రహస్య చెవులను అన్నింటిని మార్చవలెను. నాల్గవది, లోకమునకంతకు చూపనవసరము లేని సర్వరును ఇంటర్నెట్‌కు ఎదుట నుంచకుండుట.

మన దేశమున ఇట్టి ఆపదలను ఎదుర్కొనుటకు ‘సెర్ట్-ఇన్’ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ 2004 నుండి పని చేయుచున్నది. 2022 ఏప్రిల్ 28వ తేదీ ఆదేశముల ప్రకారము, కంపెనీలును ప్రభుత్వ కార్యాలయములును సైబరు దాడిని గమనించిన 6 గంటలలోగా ఆ సంస్థకు తెలుపవలెను. దాచిపెట్టుటవలన కీడు పెరుగునే గాని తరుగదు.

ప్రోగ్రాములు వ్రాయు మన యువజనులకు మా మనవి ఒక్కటియే. తలుపులెన్ని యున్నవో లెక్కించి, ప్రతి తలుపువద్దను ‘ఈ పని చేయుటకు ఇతనికి అధికారము కలదా?’ అని అడుగు ఏర్పాటు చేయుడు. ముంగిటి తాళమును చూచి పెరటి తలుపును మరువకుడు. మీరు వ్రాయు ప్రతి పంక్తి వెనుకను, దానిని నమ్ముకొని తన పింఛనుకై, తన పట్టాకై వేచియున్న ఒక గ్రామస్థుడు కలడు. అతని నమ్మకమును కాపాడుట మీ చేతిలో నున్నది.