టెంప్లేట్‌లో పడి తొందరపడిన లోలకం

మీటరు పొడవున్న దారానికి చిన్న ఇనుప గుండు కట్టి మెల్లగా ఊపితే, ఒక డోలనానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. పది డోలనాలకు 20 సెకన్లు. బడి పిల్లల కోసం ఈ ప్రయోగాన్ని ఫోన్‌లో చిత్రీకరించి, ఒక యాప్‌లోని టెంప్లేట్‌లో పెట్టాను. ఐదు నిమిషాల్లో శీర్షిక, సంగీతంతో వీడియో సిద్ధం. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ, లెక్క తప్పింది.

ఆ టెంప్లేట్‌లో నా దృశ్యానికి ఉన్న చోటు 10 సెకన్లే. అందులో ఇమడ్చడానికి అది వేగాన్ని రెట్టింపు చేసింది. ఆవర్తన కాలం 1 సెకను అయిపోయింది. గురుత్వ త్వరణం ఆవర్తన కాలపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే కాలం సగమైతే జవాబు నాలుగు రెట్లవుతుంది. 9.8 రావలసిన చోట దాదాపు 39 వస్తుంది. గురుగ్రహం మీద కూడా అది దాదాపు 25 మాత్రమే!

తప్పు యాప్‌ది కాదు. టెంప్లేట్ అంటేనే ముందుగా కొలతలు తీసి కుట్టిన చొక్కా. ఏ దృశ్యం ఎన్ని సెకన్లు ఉండాలో, అక్షరాలు ఎక్కడ రావాలో అందులో ముందే నిర్ణయమై ఉంటుంది. సైన్స్ దినోత్సవ ఆహ్వానానికో, ఉపన్యాస ప్రకటనకో అది చాలు. ఎడిటింగ్ రానివారికి పెద్ద ఆసరా కూడా.

కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో పని వేరు. సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే, 20 సెకన్ల దృశ్యంలో 600 ఫ్రేములుంటాయి. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ ఆగాలో మనమే నిర్ణయిస్తాం. ఇందుకు ఓపిక కావాలి, నేర్చుకోవడానికి సమయమూ కావాలి.

అలాగని చేత్తో చేసిందల్లా నిజమూ కాదు, వేగం పెంచడం నేరమూ కాదు. విత్తనం మొలకెత్తడాన్ని నిమిషంలో చూపాలంటే రోజులను కుదించక తప్పదు. ఎన్ని రెట్లు కుదించామో తెరమీద రాస్తే చాలు.

కాబట్టి సాధనాన్ని ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ దృశ్యంలో కాలం అలంకారమా, కొలతా? అలంకారమైతే టెంప్లేట్ సరిపోతుంది. కొలతైతే కత్తెర మన చేతిలోనే ఉండాలి.

చివరికి నేను రెండూ వాడాను. శీర్షిక టెంప్లేట్‌ది. లోలకం మాత్రం 20 సెకన్లూ కోత లేకుండా ఊగుతుంది. ఒక సాయంత్రమంతా పట్టింది. ఇప్పుడు పిల్లలు గడియారం పట్టుకుని తామే లెక్కపెట్టుకోవచ్చు.