‘నాకు తెలుసు’ అనలేని వారి సాక్ష్యం

పెదవులతో దేవునికి దగ్గరగా ఉండి హృదయంతో దూరంగా ఉండే జనాన్ని గూర్చి యెషయా ప్రవక్త 29వ అధ్యాయంలో హెచ్చరించాడు. ప్రభువైన యేసు అదే మాటను పరిసయ్యులకు గుర్తుచేసినట్లు మత్తయి 15వ అధ్యాయంలో చదువుతాం. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మోర్మన్ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్, తాను చూశానని చెప్పిన దర్శనాన్ని గూర్చి 1838లో రాయించిన వృత్తాంతంలో, ఇతర సంఘాల మీద మోపిన ఆరోపణ కూడా ఇదే. పెదవుల భక్తిని నిందిస్తూ మొదలైన ఆ సంఘంలో నేడు అదే ప్రశ్నను సంఘస్థులే వేసుకుంటున్నారు. మనం సాక్ష్యంలో చెప్పేది నిజంగా హృదయంలో ఉన్నదేనా? లేక అందరూ వినాలనుకుంటున్నారు గనుక చెబుతున్నామా?

వారు తమను కడవరి దినపు పరిశుద్ధులని పిలుచుకుంటారు. సిద్ధాంత విషయాల్లో మనకూ వారికీ చాలా దూరం ఉంది. మోర్మన్ గ్రంథాన్ని మనం లేఖనంగా అంగీకరించం. త్రిత్వాన్ని గూర్చి వారి బోధ వేరు. ఆ చర్చ ఈ వ్యాసంలోనిది కాదు. అయితే భారతదేశంలో వారి మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడింది. వారి ఆరాధన ఎలా జరుగుతుందో తెలుసుకోవడం ఆ విధంగానూ అవసరమే. అంతకంటే ముఖ్యంగా, వారిని బాధిస్తున్న ప్రశ్న సాక్ష్యం చెప్పే ప్రతి సంఘానికీ వర్తించేదే.

సాధారణంగా ప్రతి నెలా మొదటి ఆదివారం వారికి ఉపవాస దినం. రెండు పూటల భోజనం మాని, ఆ డబ్బును బీదల కోసం కానుకగా ఇస్తారు. ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసానికి బదులు నీళ్లు పంచుతారు. ఆ తర్వాత ప్రసంగం ఉండదు. ఎవరి హృదయం ప్రేరేపిస్తే వారు లేచి వేదిక దగ్గరకు వెళ్లి సాక్ష్యం చెప్పవచ్చు. వారి స్థానిక సంఘానికి జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బిషప్ అని పిలిచే పెద్ద కూడా ఏదో ఒక ఉద్యోగమో వ్యాపారమో చేసుకునే మామూలు విశ్వాసియే. కాబట్టి ఆ రోజు సంఘమంతా ఒకరి విశ్వాసాన్ని మరొకరు విని బలపడాలన్నది ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ సాక్ష్యానికి ఒక అచ్చు తయారైంది. ఈ సంఘం సత్యమని నాకు తెలుసు, జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని నాకు తెలుసు, మోర్మన్ గ్రంథం సత్యమని నాకు తెలుసు అంటారు. ‘నమ్ముతున్నాను’ అనేవారు తక్కువ, ‘తెలుసు’ అనేవారే ఎక్కువ. ఇంకా చదవడం రాని పిల్లల చెవిలో తల్లో తండ్రో ఈ మాటలు చెబుతుంటే, పిల్లలు మైకులో వల్లిస్తారు. చిన్నపిల్లలు సాక్ష్యం చెప్పడానికి ఇల్లు, పిల్లల తరగతి మేలని 2002లో సంఘ నాయకత్వమే ఉత్తరం పంపవలసి వచ్చింది.

ఈ అలవాటును తేలికగా కొట్టిపారేయలేం. మాటలు రానివారికి పెద్దల మాటలు ఊతమిస్తాయి. సాక్ష్యం చెబుతుండగానే సాక్ష్యం దొరుకుతుందని వారి అపొస్తలుల్లో ఒకరైన బాయ్డ్ ప్యాకర్ 1982లో బోధించాడు. నోరు తెరిచాక ధైర్యం వచ్చిన అనుభవం మనలోనూ చాలామందికి ఉంది. కానీ ఇంకా లేని నిశ్చయతను ఉన్నట్లు చెప్పమని చుట్టూ ఉన్నవారి చూపులే తొందర చేస్తే, యథార్థవంతుడు ఏం చేయాలి?

మౌనంగా ఉండిపోవచ్చు గదా అనిపిస్తుంది. అక్కడ అది అంత సులువు కాదు. యూటాలోని చాలా ఊళ్లలో పొరుగువారు, బంధువులు, తోటి ఉద్యోగులు అందరూ ఒకే సంఘం వారు. వారి దేవాలయంలోకి వెళ్లాలంటే అనుమతి పత్రం కావాలి. దాని కోసం బిషప్ ముందూ, ఆ తర్వాత స్టేక్ నాయకుల ముందూ ప్రశ్నలకు జవాబివ్వాలి. సాక్ష్యం ఉందా, దశమభాగం ఇస్తున్నావా అని అడుగుతారు. అన్నిటిలో నిజాయితీగా ఉండడానికి ప్రయత్నిస్తున్నావా అని కూడా అడుగుతారు. సందేహంలో ఉన్నవాడు ఈ ప్రశ్నల మధ్య నలిగిపోతాడు. పత్రం లేకపోతే దేవాలయంలో జరిగే కన్నబిడ్డ వివాహాన్ని సైతం లోపలికి వెళ్లి చూడలేడు. అమెరికాలో అందరి ముందు చట్టప్రకారం పెళ్లి చేసుకున్న జంట దేవాలయ వివాహం కోసం ఏడాది ఆగాలన్న నియమం 2019 వరకు ఉండేది. ఆ ఏడాది దాన్ని తీసివేయడంతో చాలా కుటుంబాలకు కొంత ఊరట కలిగింది. అయినా దేవాలయం తలుపు దగ్గర అనుమతి పత్రం అవసరం అలాగే ఉంది.

బట్టల విషయమూ ఇలాంటిదే. రొట్టె, నీళ్లు పంచే యువకులు తెల్ల చొక్కా, టై వేసుకోవడం మంచిదని సంఘ నియమావళి గతంలో సూచించేది గాని, తప్పనిసరి చేయవద్దని కూడా చెప్పేది. చాలా చోట్ల మాత్రం అది రాయని ఆజ్ఞ అయిపోయింది. రంగు చొక్కాతో వచ్చిన కుర్రవాడి వైపు తలలు తిరుగుతాయి.

ఆశ్చర్యమేమిటంటే, ‘తెలుసు’ అనే మాటనే పట్టుకోమని వారి గ్రంథాలు చెప్పడం లేదు. ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ అనే వారి గ్రంథం 46వ ప్రకరణంలో, కొందరికి తెలుసుకునే వరం, మరికొందరికి వారి మాటను బట్టి నమ్మే వరం ఇవ్వబడుతుందని ఉంది. రెండూ వరాలే. మోర్మన్ గ్రంథంలోని ఆల్మా 32వ అధ్యాయం, నమ్మాలనే కోరిక ఒక్కటి ఉన్నా విత్తనంలా నాటి చూడమంటుంది. రొట్టె మీద చేసే ప్రార్థనను అక్షరం పొల్లుపోకుండా చదవాలి, తప్పితే మళ్లీ చదివిస్తారు. ఆ ప్రార్థనలో సంఘం సాక్ష్యమిచ్చేది కూడా క్రీస్తు నామాన్ని ధరించుకోవడానికి తమకున్న ఇష్టాన్ని గూర్చే. కాబట్టి కంఠస్థం చేసిన మాటల్లోనూ యథార్థత ఉండవచ్చు. తనకున్న దానికంటే ఎక్కువ ఉందని చెప్పుకోవలసి వచ్చినప్పుడే చిక్కు.

ఈ సంగతి వారి నాయకుల్లో కొందరు గుర్తించారు. 2013 ఏప్రిల్ మహాసభలో జెఫ్రీ హాలండ్ ఒక పద్నాలుగేళ్ల బాలుని గూర్చి చెప్పాడు. సంఘం సత్యమని తెలుసునని ఇప్పుడే చెప్పలేనుగాని, సత్యమని నమ్ముతున్నానని ఆ బాలుడు బెరుకుగా అన్నాడట. కేవలం నమ్ముతున్నందుకు ఎన్నడూ క్షమాపణ అడగవద్దని హాలండ్ అతణ్ణి హత్తుకుని చెప్పాడట. ఆ ప్రసంగానికి ఆధారం మార్కు 9వ అధ్యాయంలోని తండ్రి. తన అపనమ్మకాన్ని దాచకుండా, దానికి సహాయం చేయమని యేసును బ్రతిమాలిన తండ్రి అతడు. 2015లో డీటర్ ఉక్ట్‌డార్ఫ్, రష్యా రాణి కంటికి ఇంపుగా ఉండేందుకు పోటెమ్కిన్ ఉత్తుత్తి గ్రామాలను నిలబెట్టాడన్న కథ చెప్పి, సంఘం అలాంటి ముఖద్వారం కాకూడదని హెచ్చరించాడు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన ఉపవాస కూటాల్లో, సంవత్సరాంతపు కూడికల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది. స్వస్థత పొందినవారు లేస్తారు, ఉద్యోగం వచ్చినవారు లేస్తారు. దేవునికి స్తోత్రం. కానీ ప్రార్థించినా బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అప్పు తీరని రైతు ఆ వేళ ఎక్కడ కూర్చుంటున్నారు? వారు లేచి, “నాకింకా జవాబు రాలేదు, అయినా ప్రభువును విడిచిపెట్టలేదు” అంటే, ఆ సాక్ష్యానికి మన సంఘం ‘ఆమేన్’ అంటుందా? లేక విశ్వాసం చాలలేదని గుసగుసలాడుతుందా?

ఆ తండ్రి విశ్వాసం పూర్తిగా కుదుటపడేవరకు యేసు ఆగలేదు. అతడు ఉన్నదున్నట్లు చెప్పాడు, ప్రభువు అతని కుమారుణ్ణి స్వస్థపరచాడు. వచ్చే సాక్ష్య కూడికలో అలాంటి ఒక్క మాట చెప్పడానికి చోటుంచమని సంఘ పెద్దలను, చెప్పినవారిని ప్రేమతో వినమని విశ్వాసులను కోరుతున్నాం.