శ్రీహరికోట: ఊపిరి కూడా ఇక్కడి నుంచే

సూళ్లూరుపేటలో జాతీయ రహదారి దిగి తూర్పుకు మళ్లితే, కాసేపటికే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సు పరుచుకుంటుంది. చలికాలమైతే ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి. ఆ రోడ్డు చివర, సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా సాగిన దీవే శ్రీహరికోట. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ విడిచే భాగాలు ఊళ్ల మీద పడవు. అందుకే 1969లో ఈ చోటును ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 ఇక్కడి నుంచి ఎగిరింది. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. చుట్టుపక్కల జనానికి మాత్రం ఇప్పటికీ ఇది పాత పొట్టి పేరుతో షారే.

ప్రయోగాలు చూడటానికి 5 వేల మంది కూర్చునే గ్యాలరీ ఉందిక్కడ. రాకెట్ కనుమరుగయ్యాక పిల్లలకు రావాల్సిన సందేహం ఒకటుంది. పైన గాలే లేదు కదా, మరి ఇంజిన్ ఎలా మండుతుంది? చాలామంది పెద్దలకూ జవాబు తెలియని మంచి ప్రశ్న ఇది. జవాబు ఈ దీవి మీదే ఉంది.

విమానం ఇంజిన్ దారి పొడవునా గాలి పీల్చుకుంటుంది. రాకెట్ మాత్రం నేల మీద ఉన్నప్పుడు కూడా మన గాలిని ముట్టుకోదు. మండటానికి కావాల్సిన ఆక్సిజన్‌ను ఇంధనంతో పాటే మోసుకుపోతుంది. దీపావళి చిచ్చుబుడ్డిలో బొగ్గు, గంధకంతో పాటు సూరేకారం కూరతాం కదా, ఆక్సిజన్ ఇచ్చేది ఆ సూరేకారమే. ఘన ఇంధన రాకెట్‌లో ఆ పని అమ్మోనియం పర్‌క్లోరేట్‌ది. కేరళలోని అలువాలో ఇస్రోకు దాని తయారీ కేంద్రం ఉంది.

షార్ అనగానే అందరికీ ప్రయోగ వేదికలే గుర్తొస్తాయి. నా దృష్టిలో ఇక్కడి అసలు విశేషం ఘన ఇంధన కర్మాగారం. పర్‌క్లోరేట్ పొడి, అల్యూమినియం పొడి, జిగురులాంటి పాలిమర్ కలిపి ముద్ద చేస్తారు. మిశ్రమంలో దాదాపు మూడింట రెండు వంతులు పర్‌క్లోరేటే. ఎల్‌వీఎం-3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే ఎస్-200 మోటార్లలో ఒక్కోదానికి 200 టన్నులకు పైగా పడుతుంది. మోటారు గొట్టంలోకి ఆ ముద్దను పోసేటప్పుడు గాలి లాగేస్తారు. లోపల బుడగ మిగిలితే అక్కడ మంట ఒక్కసారిగా పెరిగిపోతుంది. పోసింది రోజుల తరబడి వేడిలో ఉండి రబ్బరుగా గట్టిపడుతుంది. ఈ పని ఎంత ప్రమాదకరమో 2004 ఫిబ్రవరిలో తెలిసింది. ఇక్కడ ఘన ఇంధన మోటారు అంటుకుని ఆరుగురు చనిపోయారు. ప్రతి విజయం నాడూ తలుచుకోవాల్సిన వాళ్లు వీళ్లు.

ఎల్‌వీఎం-3 పై దశలకు ద్రవ ఇంధనం. దాని కొసన ఉండే క్రయోజెనిక్ దశలో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ వేర్వేరు ట్యాంకుల్లో ఉంటాయి. తూకం వేస్తే హైడ్రోజన్ ఒక పాలైతే ఆక్సిజన్ దాదాపు అయిదు పాళ్లు. అంటే ఇక్కడి నుంచి ఎగిరే బరువులో ఇంధనం కంటే దాన్ని మండించే సరుకే ఎక్కువ. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లినప్పుడు ఈ ఇంజిన్ 170 కిలోమీటర్లకు పైన అంటుకుని పది నిమిషాలకు పైగా మండింది.

బయట శూన్యమే గానీ, మండుతున్న ఇంజిన్ లోపల శూన్యం ఉండదు. దహన గదికి కింద ఇరుకైన గొంతు ఉంటుంది. మండిన వాయువులు అంత తేలిగ్గా బయటపడలేవు కాబట్టి, లోపలి పీడనం మన వాతావరణ పీడనానికి 60 రెట్లదాకా చేరుతుంది. కష్టమంతా తొలి క్షణంలోనే. అప్పటికి ఆ గది ఖాళీ. పంపులు అందుకోవాలి, రెండు ద్రవాలూ సరైన పాళ్లలో దిగాలి, నిప్పు అంటుకోవాలి. 2021 ఆగస్టు 12న మరో రాకెట్ జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 ప్రయోగంలో తప్పింది అక్కడే. ఒక వాల్వ్ లీకై హైడ్రోజన్ ట్యాంకులో పీడనం పడిపోయింది, పై దశ అంటుకోలేదు. ఆక్సిజన్ నిండుగా ఉన్నా ఉపగ్రహం దక్కలేదు.

అందుకే తమిళనాడులోని మహేంద్రగిరిలో ఇంజిన్‌ను గాలి లాగేసిన గదిలో పెట్టి వెలిగించి చూస్తారు. పై దశ ఇంజిన్లలో వాయువు బయటికొచ్చే నాజిల్ బాగా వెడల్పు. శూన్యంలో వాయువు విచ్చుకున్న కొద్దీ తోపుడు బలం పెరుగుతుంది. అదే నాజిల్‌తో ఇంజిన్‌ను మామూలు గాలిలో మండిస్తే, బయటి ఒత్తిడికి ప్రవాహం గోడను వదిలేసి ఊగిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ఎల్‌వీఎం-3 క్రయోజెనిక్ దశలోని సీఈ-20 ఇంజిన్‌ను అక్కడ శూన్య పరిస్థితుల్లో వెలిగించి చూశారు.

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్రం అనుమతిచ్చింది. ఆ వేదిక నుంచి ఎగరాల్సిన కొత్త తరం రాకెట్‌కు మీథేన్‌ను, ఎల్‌వీఎం-3 కొత్త దశకు శుద్ధి చేసిన కిరోసిన్‌ను అనుకుంటున్నారు. ఆ రెంటికీ తోడు వెళ్లేది ద్రవ ఆక్సిజనే.