పెరటితోటలో తేనెటీగలు తగ్గుట: కారణములు, నివారణోపాయములు

గుమ్మడి, దోస, కాకర పాదులు ఏపుగా పెరిగి, పూత సమృద్ధిగా నున్నను పిందెలు పసుపువారి రాలిపోవుట కలదు. రైతులు సాధారణముగా దీనికి ఎరువు చాలకపోవుటయో తెగులో కారణమని యెంచుదురు. అవియు కారణములు కావచ్చును. కాని ఎరువునకు డబ్బు వెచ్చించుటకు ముందు, ఒక ఉదయమున పాదుచెంత నిలిచి, పూలపై తేనెటీగలు వ్రాలుచున్నవో లేదో చూడవలెను.

ఈగలవలని ప్రయోజనము.— ఈ పాదులలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా నుండును. క్రింద చిన్న పిందె గలది ఆడపూవు. మగపూవు పుప్పొడి జిగటగా నుండుటచే గాలికి ఎగురదు. ఈగయే దానిని మోసికొనిపోవలెను. గుమ్మడిపూవు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో పుప్పొడి చేరనిచో పిందె రాలును. చాలినంత చేరనిచో కాయ వంకరపోవును, గింజలు తగ్గును. అప్పుడు ఈ యేటి కూరయే గాక మరుసటి యేటి విత్తనమును చెడును.

ఈగలు తగ్గుటకు కారణములు.—

1. తేనెకొఱకు పట్టునకు నిప్పుపెట్టి, పిల్లలతో సహా నాశనము చేయుట.

2. తొఱ్ఱలుగల ముసలి చెట్లను, గట్లమీది పొదలను నరికివేయుట. పుట్టలలోను తొఱ్ఱలలోను కాపురముండు ఈగలకు దీనిచే నిలువనీడ లేకపోవును.

3. పూతమీద పురుగుమందులు చల్లుట. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క రసములో వ్యాపించి పూదేనెలోనికిని పుప్పొడిలోనికిని చేరును. ఐరోపా సమాఖ్య 2018లో దీనిని ఆరుబయటి పైరులకు వాడరాదని నిషేధించినది.

4. తెగులు. 1991–92లో థాయి సాక్‌బ్రూడ్ అను అంటువ్యాధి దక్షిణ భారతమున ప్రబలి, తొఱ్ఱలలోను పెట్టెలలోను ఉండు దేశవాళీ తేనెటీగలను మిక్కిలిగా నశింపజేసినది. ఈ వ్యాధిలో పురుగుదశయందలి పిల్లలు నీటితిత్తులవలె ఉబ్బి చచ్చును.

చేయవలసిన పనులు.—

1. పూత నిలిచియున్నంతవరకు విషపుమందులు చల్లరాదు. తప్పనిచో గుమ్మడి, దోసలకు ఈగలు గూటికి చేరిన పిమ్మట, ప్రొద్దుగ్రుంకిన వేళ చల్లవలెను. బీర, సొర పూలు సాయంకాలముననే విచ్చును గనుక వాటికి ఆ వేళయు తగదు.

2. ఏడాది పొడవున ఏదో యొక పూవు దొరకునట్లు మునగ, కానుగ, కుంకుడు, తులసి పెంచవలెను. కొత్తిమీరలో కొంత భాగమును కోయక పూతకు విడువవలెను.

3. వేసవిలో వెడల్పైన మూకుటిలో గులకరాళ్లు పఱచి, అవి మునుగకుండ నీరు పోసి నీడను ఉంచవలెను. రాళ్లు లేనిచో ఈగలు నీటబడి చచ్చును.

4. తేనె తీయువారు నిప్పు మాని పొగమాత్రము వేసి, తేనెయున్న భాగమును కోసి, పిల్లలున్న భాగమును విడువవలెను.

ఈగలు మరల చేరువరకు, ఉదయమున అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపూవు నడిమి కొనపై మెల్లగా రుద్దిన పిందె నిలుచును. ఒక మగపూవు రెండుమూడు ఆడపూలకు చాలును. నాలుగు పాదులకు ఈ పని ఇంటివారు చేసికొనగలరు. ఎకరముల కొలది తోటకు ఈ శ్రమ సాధ్యము కాదు. కూలి లేకయే ఆ పని చేసిపెట్టు ఈగను కాపాడుకొనుటయే రైతునకు లాభము.