గోడల రంగు మార్చే ముందు

పండుగో, పెళ్ళో దగ్గర పడుతోందంటే ఇంటికి రంగులు వేయించాలన్న ఆలోచన వస్తుంది. ఏ రంగు బాగుంటుందని ఇంటిల్లిపాదీ చర్చించుకుంటారు. పాత రంగును ఎలా తీస్తారని మాత్రం ఎవరూ అడగరు. అది మేస్త్రీ చూసుకుంటాడులే అనుకుంటారు. పాకే పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ముందుగా అడగవలసింది అదే.

చెమ్మ ఎక్కే గోడకు నిగనిగలాడే ఆయిల్ పెయింటు వేయించకండి. లోపలి తేమ బయటికి పోయే దారిలేక రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడుతుంది. నల్లటి బూజు పట్టి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. పైపు కారుతోందో, డాబా మీద నీరు నిలుస్తోందో చూసి ముందు దాన్ని బాగుచేయించండి. అటువంటి గోడకు సున్నమే మేలు. అయితే సున్నపు బకెట్టు పిల్లలకు అందనివ్వకండి. కంట్లో పడితే వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీటితో కడిగి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

వంటింటికి తుడవడానికి వీలైన మెరిసే రకం, పడకగదికి మెరుపులేని ఎమల్షన్ సరిపోతాయి. (మెరుపు ఎక్కువైన కొద్దీ గోడలోని ఎగుడుదిగుళ్ళు కూడా బాగా కనిపిస్తాయి. ఈ మాట షాపువాడు చెప్పడు.)

ఇక అసలు సంగతి. మెరిసే గోడ మీద కొత్త రంగు నిలవాలంటే ఉప్పుకాగితంతో రుద్ది గరుకు చేయాలి. పొడిగా రుద్దితే గదంతా ధూళి లేస్తుంది. ఆ పాత రంగు ఎనామిల్ అయితే అందులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌ను, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులను అనుమానించవలసిందే. తలుపులు, కిటికీ చువ్వలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ధూళి నేల మీద పడుతుంది. పిల్లవాడు అక్కడే పాకుతాడు, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవారికంటే పసివారి శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తం తగ్గడం, కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు, చదువులో వెనుకబాటు కనిపించవచ్చు. చాలామందిలో ఏ లక్షణమూ పైకి కనిపించదు. మెదడుకు జరిగిన నష్టాన్ని తరువాత మందులతో పూడ్చలేము. గర్భిణి రక్తంలోని సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

అందుచేత పాత రంగు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటే గీకించకండి. గోడను తడిపి, నీటికి తట్టుకునే ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, ప్రైమరు వేయిస్తే చాలు. ఊడుతున్న చోట నీళ్ళు చల్లుతూ గీకాలి. మంటతో కాల్చి తీయించడం అసలు వద్దు. సామాను బయటపెట్టి, నేలమీద ప్లాస్టిక్ పట్టా పరిపించండి. పని పూర్తయ్యాక పొడి చీపురు పట్టకుండా, సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. అంతవరకు పిల్లలను, గర్భిణులను బంధువుల ఇంటికి పంపగలిగితే మంచిది. "నాలుగు రోజులకు ఎందుకీ హడావుడి?" అని పెద్దవారు అంటారు. అననివ్వండి.

కొత్త ఆయిల్ పెయింటు వాసనకు తలనొప్పి, ఆయాసం రావచ్చు. కిటికీలు తెరిచి ఉంచి, వాసన పోయాకనే ఆ గదిలో పడుకోండి.

ఇంట్లో ఇదివరకే పొడిగా గీకించి ఉంటే, చిన్నపిల్లలుంటే, డాక్టరుతో చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపించాలి.

పనివారి సంగతీ మరువకండి. మూతికి కట్టుకునే రుమాలు ఈ సన్నటి ధూళిని ఆపలేదు. వారికి ఎన్95 మాస్కులు కొనివ్వండి. టీ ఇచ్చేముందు చేతులు కడుక్కోవడానికి సబ్బు కూడా ఇవ్వండి. వారి ఇళ్ళలోనూ పసిపిల్లలుంటారు కనుక, ధూళి పట్టిన బట్టలు మీ ఇంట్లోనే మార్చుకుని వెళ్ళమనండి.