మీకు తెలుసా? పొయ్యి అద్దం మసికి పొయ్యిలోని బూడిదే మందు

చలిదేశాల ఇళ్లలో కట్టెల పొయ్యికి బిగించే అద్దం చాలావరకు మామూలు గాజు కాదు, గ్లాస్ సిరామిక్. 1953లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ ఒక గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుద్దామనుకుంటే, కొలిమి అదుపు తప్పి 900కు వెళ్లింది. కరిగి ముద్దయిపోతుందనుకున్న పలక తెల్లగా, గట్టిగా బయటికొచ్చింది. చేజారి నేల మీద పడ్డా పగల్లేదు! ఈ అద్దాలూ ఆ జాతివే. ఎంత వేడెక్కినా దాదాపు వ్యాకోచించవు.

మసి మాత్రం తప్పదు. పచ్చికట్టెలు సరిగా మండక, పొగలోని తారు అద్దానికి నల్లగా అంటుకుంటుంది. దానికి ఖరీదైన సీసాలెందుకు? అద్దం పూర్తిగా చల్లారాక, తడిపిన న్యూస్‌పేపరును మెత్తటి బూడిదలో అద్ది రుద్దితే సరి. కట్టెల బూడిదలో ఉండే పొటాషియం కార్బొనేట్ క్షారం. అదే తారును వదులు చేస్తుంది. మన అమ్మమ్మలు అంట్లు తోమిందీ ఈ గుణాన్ని నమ్ముకునే. బొగ్గురవ్వలుంటే గీతలు పడతాయి కాబట్టి బూడిదను జల్లించుకోవాలి, చేతికి గ్లౌజులుండాలి.

ప్లాస్టిక్ కరిగి అంటుకుంటే బూడిద పనికిరాదు. అది చల్లారి గట్టిపడ్డాక, తడి అద్దం మీద రేజర్ బ్లేడును బాగా వాల్చి మెల్లగా నెడితే పెచ్చులుగా లేస్తుంది. బ్లేడును నిలబెట్టి గీకితే అద్దమే పోతుంది. ఇక ఎంత తోమినా వదలని తెల్లటి మసక ఉందంటే, అది మురికి కాకపోవచ్చు, గాజు పైపొరే దెబ్బతిని ఉంటుంది. దానికి మందు లేదు, కొత్త అద్దమే.