సైనికుని వేషము – జనుల చూపు

హైదరాబాదు నగరమునకు తూర్పుగా దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్‌ల మీదుగా విజయవాడకు పోవు రాజమార్గమొకటి కలదు. 1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. ప్రధాన దళము మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి నాయకత్వమున షోలాపూరు వైపునుండి వచ్చెను. మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నడపిన మరియొక దళము విజయవాడనుండి బయలుదేరి, సూర్యాపేట మీదుగా ఈ మార్గమునే పట్టెను.

ఆ దారి ప్రక్క పల్లెలలోని జనులకు సాయుధుని చూచుట క్రొత్త కాదు. ఖాకీ యన్న మాటయే వారి గుండెలలో దడ పుట్టించుచుండెను. నిజాము పోలీసులు ధరించినది ఖాకీయే. కాసిం రజ్వీ అనుచరులగు రజాకార్లు ధరించినదియు ఖాకీయే. దూరమున దుమ్ము రేగినపుడు వచ్చువాడు రక్షకుడో భక్షకుడో గుర్తించుట ఎట్లు? ఇంతకును 'ఖాక్' అనగా పారసీక భాషలో ధూళి. ఎఱ్ఱని అంగీలు శత్రువునకు దూరమునుండియే కానవచ్చుచుండుటచే, పందొమ్మిదవ శతాబ్ది నడుమ వాయవ్య సరిహద్దున గైడ్స్ దళమువారు ఈ మట్టిరంగును చేపట్టిరి. శత్రువు కన్నుగప్పుటకు పుట్టిన రంగు పల్లెవాని కంటికి మాత్రము పెద్ద గుర్తయ్యెను!

ఐదు దినములలో పోరు ముగిసెను. రజాకార్ల బాధ తొలగిన పల్లెలు సైనికులను ఆదరముతో చూచినవి. కాని ఆ వేషమే అందరికిని ఊరట కాలేదు. పండిత సుందర్‌లాల్ నాయకత్వమున భారత ప్రభుత్వము పంపిన సంఘము, కొన్నిచోట్ల సైనికులే ముస్లిం ప్రజలపై జరిగిన దాడులలో పాల్గొనిరనియు, మరికొన్నిచోట్ల వారిని కాపాడిరనియు తెలిపెను. ఒకే దుస్తులను ఒక ఇంటివారు తలుపు తెరచి చూచిరి. వేరొక ఇంటివారు తలుపు సందునుండి చూచిరి.

ఇట్టి చిక్కు ఈజిప్టునను కలిగెను. 1956లో ఐక్యరాజ్య సమితి అచ్చటికి శాంతిసేనను పంపదలచినపుడు, కెనడావారి 'క్వీన్స్ ఓన్ రైఫిల్స్' దళమును ఈజిప్టు ప్రభుత్వము వలదనెను. వారి పేరును వేషమును అప్పుడే దండెత్తి వచ్చిన బ్రిటిష్ వారిని పోలియుండుటయే కారణము. సైనికులను వేరుగా చూపుటకు నీలి బెరెట్ టోపీలు కావలసివచ్చెను. వానిని కుట్టించుటకు వ్యవధి చాలక, అమెరికా శిరస్త్రాణముల లోపలి తొడుగులకే నీలిరంగు పూసిరి. ఆ సేనలో భారత సైనికులును ఉండిరి. వారు 1967 వరకు అచ్చట కాపు కాచిరి.

రంగు మాత్రమే కాదు, ఆయుధమును పట్టు తీరును జనులు గమనింతురు. భుజమున వ్రేలాడు తుపాకి వేరు, గురిపెట్టిన తుపాకి వేరు. శిరస్త్రాణము ముఖమును సగము కప్పును; ముఖము కనబడని వానితో మాటాడుటకు ఎవరికి మనసగును? ఇది తెలిసియే 2003లో ఇరాక్‌లోని బస్రా నగరమున బ్రిటిష్ సైనికులు, యుద్ధము సద్దుమణగగానే శిరస్త్రాణములను తీసివేసి మెత్తని టోపీలతో వీధులలో తిరిగిరి. అయితే మెత్తని టోపీ గుండును ఆపలేదు. కాల్పులు మరల చెలరేగగా శిరస్త్రాణములు మరల తలలకెక్కెను.